తోరా చుట్ట ఎలా రాస్తారు, యూదుల నమ్మకం అందులో ఎలా ఇమిడి ఉంది

యూదులు రోజూ పొద్దునోసారి, రాత్రోసారి చెప్పుకునే వాక్యం ద్వితీయోపదేశకాండము 6:4. "ఇశ్రాయేలూ విను, మన దేవుడైన ప్రభువు, ఆ ప్రభువు ఒక్కడే." మొదటి మాటను బట్టి దీన్ని షెమా అంటారు. చర్మం మీద చేత్తో రాసిన తోరా (యూదుల మూల ధర్మగ్రంథం) చుట్టలో ఈ వాక్యం దగ్గర రెండు అక్షరాలు పక్కవాటికంటే పెద్దవిగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి చివరి మాట ఎఖాద్‌లోని చివరి అక్షరం, దాలెత్. ఎఖాద్ అంటే ఒక్కడు. దాలెత్‌కి కుడివైపు పైన పదునైన మూల ఉంటుంది. ఆ మూల గుండ్రంగా తిరిగిందంటే అక్షరం రేష్ అయిపోతుంది, మాట అఖేర్ అయిపోతుంది. అఖేర్ అంటే ఇంకొకడు. ఒక్క మూల దగ్గర కలం జారితే ఏకేశ్వర విశ్వాసమే తలకిందులవుతుంది. నిర్గమకాండము 34:14లో వేరొక దేవునికి మొక్కకూడదని చెప్పే చోట, ఎవరూ దాలెత్ అనుకోకుండా రేష్‌నే పెద్దగా రాస్తారు.

తెలుగులో యూదమతం గురించి మనకు తెలిసింది చాలావరకు బైబిలు పాత నిబంధన మీదుగా వచ్చింది. అది తప్పుదారేమీ కాదు గానీ, సగం దారి. ఆ గ్రంథాల మీద రెండు వేల ఏళ్లుగా నడుస్తున్న వాదన, ఆ వాదనలోంచి తేలిన ఆచారం కలిస్తేనే యూదమతం. దాని నమ్మకాలు తెలియాలంటే సిద్ధాంతాల పట్టిక కంటే తోరా చుట్ట రాసే పద్ధతి చూడటం మేలని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ ప్రతి నమ్మకమూ ఒక పనిగా, ఒక నియమంగా మారి కనిపిస్తుంది.

తోరా అంటే ముందుగా ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము దాకా ఉన్న ఐదు గ్రంథాలు. చుట్టలో మొత్తం 3,04,805 అక్షరాలు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న అమరికలో 245 నిలువు పట్టీలు, ఒక్కో పట్టీకి 42 వరుసలు. రాసే లేఖకుడిని సోఫేర్ అంటారు. ఒక్కడే కూర్చుని రాస్తే దాదాపు ఏడాది పడుతుంది, ఇంకా ఎక్కువా పట్టవచ్చు. చుట్టలో అచ్చు గుర్తులు ఉండవు, అధ్యాయాలు ఉండవు, వచనాల అంకెలు ఉండవు, విరామ చిహ్నాలు ఉండవు. పేరాలు మాత్రం ఉంటాయి, రెండు రకాలుగా: వరుస మిగిలినంత మేరా ఖాళీ వదిలి తర్వాతి వరుసలో మొదలుపెట్టేది ఒకటి, అదే వరుసలో 9 అక్షరాలు పట్టేంత జాగా వదిలి కొనసాగించేది ఇంకొకటి. ఈ రెంటినీ తారుమారు చేస్తే చుట్ట చెల్లదు. గ్రంథానికీ గ్రంథానికీ మధ్య 4 వరుసలు ఖాళీ.

ముందు చర్మం. తినడానికి ధర్మం ఒప్పుకునే జంతువుదే కావాలి: ఆవు, గొర్రె, మేక, జింక. సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, చట్రానికి బిగించి, రెండువైపులా గీకి పలుచన చేస్తారు. చర్మాన్ని సున్నంలో వేసేటప్పుడే "ఇది తోరా చుట్ట పవిత్రత కోసం" అని నోటితో చెప్పాలి. ఆ సంకల్పం లేకుండా తయారైన చర్మం ఎంత నాణ్యమైనదైనా పనికిరాదు. ఆరిన తర్వాత సిరా లేకుండా, మొనతో నొక్కి గీతలు గీస్తారు. కింద 4 వేళ్లు, పైన 3 వేళ్లు, పట్టీకీ పట్టీకీ మధ్య 2 వేళ్లు జాగా వదలాలి. మనం అక్షరాన్ని గీత మీద నిలబెడతాం, హీబ్రూ లేఖకుడు గీతకు వేలాడదీస్తాడు. ఒక్కో చర్మం మీద 3 పట్టీలకు తక్కువ, 8కి ఎక్కువ ఉండకూడదు. రాయడం పూర్తయ్యాక ఈ చర్మాలను జంతువు నరాలతో పేనిన దారంతో వరసగా కుడతారు. పైనా కిందా కొంచెం మేర కుట్టకుండా వదిలేస్తారు. చుట్టేటప్పుడు లాగుడు ఆ అంచు మీద పడుతుంది. చివరిదాకా కుడితే చర్మమే చిరుగుతుంది.

సిరాకు కావలసినవి మాచికాయ, అన్నభేది, తుమ్మజాతి చెట్ల బంక. మూడూ మన పచారీ కొట్లకు కొత్త సరుకులు కావు. నానబెట్టిన మాచికాయల రసం అన్నభేదితో కలిసి నల్లబడుతుంది, బంక దాన్ని చర్మానికి పట్టిస్తుంది. పాళ్లు తప్పితే ఫలితం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అన్నభేది ఎక్కువైతే అందులోని ఇనుము తుప్పుపట్టి అక్షరం గోధుమ రంగుకు, ఎరుపుకు తిరుగుతుంది, చర్మాన్ని కూడా తింటుంది. బంక ఎక్కువైతే సిరా పెళుసెక్కి, చుట్ట విప్పి చుట్టిన ప్రతిసారీ పెచ్చులు లేస్తుంది. అక్షరం నల్లగా ఉండాలన్నది నియమం కాబట్టి రంగు మారడం చిన్న విషయం కాదు. కలం ఈకతోగానీ రెల్లుతోగానీ చెక్కుకుంటారు. బాతు ఈక, టర్కీ కోడి ఈక ఎక్కువ వాడతారు. ఇనుప పాళీకి దూరంగా ఉంటారు. ఇనుము కత్తికి పనికొచ్చే లోహమని ఒక కారణం, చర్మాన్ని పొడుస్తుందని ఇంకో కారణం.

ఎంత కంఠస్థం వచ్చినా లేఖకుడు జ్ఞాపకం మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. సరిచూసిన ప్రతి ఎదురుగా ఉండాలి, మాటను నోటితో పలికి అప్పుడు రాయాలి. చూసి రాసేవాడి కన్ను ఒక మాట నుంచి కింది వరుసలో ఉన్న అదే మాట మీదికి జారుతుంది. లిపి ఏదైనా ప్రతులు రాసేవాళ్లందరికీ తెలిసిన ప్రమాదమిది. నోరు పలకడం వల్ల చెయ్యి నెమ్మదిస్తుంది. ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ చర్మం కనిపించాలి. రెండు అక్షరాలు వెంట్రుకవాసి తాకినా చెల్లదు. 7 అక్షరాల తలమీద మూడేసి సన్నని కిరీటాలు పెడతారు, ఇంకొన్నింటి మీద ఒక్కోటి. లేవీయకాండము మొదటి మాటలోని చివరి అలెఫ్‌ని చిన్నగా రాస్తారు. ఎర్రసముద్రం దాటాక పాడిన పాట, నిర్గమకాండము 15, ఇటుకల గోడ పేర్చినట్టు ఎడంగా పరిచి రాస్తారు.

అన్నిటికంటే జాగ్రత్త పడేది దేవుడి నామం దగ్గర. తెలుగు బైబిలు యెహోవా అని రాసే ఆ నాలుగక్షరాల పేరు తోరాలో 1,820 సార్లు వస్తుంది. యూదులు దాన్ని పలకరు. ప్రార్థనలో అదొనాయ్, మామూలు మాటల్లో హషెమ్ అంటారు. రాసే ప్రతిసారీ లేఖకుడు "నామ పవిత్రత కోసం రాస్తున్నాను" అనుకుని రాయాలి. మధ్యలో రాజు వచ్చి పలకరించినా బదులు చెప్పకూడదు. కలాన్ని సిరాలో ముంచి నేరుగా నామం మొదలుపెట్టకూడదు. ముందు ఇంకో అక్షరం రాసి, కలం కుదురుకున్నాక ఇది రాయాలి, లేకపోతే నామం మీదే చుక్క పడవచ్చు. కొందరు నామాలకు ఖాళీలు వదిలేసి, శుద్ధి స్నానం చేసి వచ్చి అన్నీ ఒక విడతలో నింపుతారు.

తప్పు జరిగితే? మామూలు మాటయితే సిరా ఆరాక గీకి మళ్లీ రాస్తారు. నామాన్ని మాత్రం చెరపకూడదు. ఇంకో మాట రావలసిన చోట నామం రాసేస్తే ఆ చర్మం మొత్తం పక్కన పెట్టాల్సిందే, నెలరోజుల పని అయినా సరే. నామం రాయడం మరచిపోతే అంత చిక్కు లేదు. పక్కమాటను గీకి జాగా చేసుకోవచ్చు, వరుస పైన కూడా రాయవచ్చు. గీకడంలోనూ ఒక మెలిక ఉంది. రేష్ రాయబోయి దాలెత్ రాస్తే, ఆ మూలను కాస్త గీకి గుండ్రం చేసేస్తే సరిపోతుందనిపిస్తుంది. అలా చేస్తే చెల్లదు. అక్షరం రాయడం వల్ల పుట్టాలి, చెక్కడం వల్ల కాదు. అక్షరం రూపం పోయేదాకా గీకి, మళ్లీ కలంతో పూర్తిచేయాలి. బాగా రాసిన రెండు అక్షరాలు కొసన తాకితే మాత్రం ఆ తాకిన చోటు గీకి విడదీయవచ్చు, ఎందుకంటే అక్షరాలు అప్పటికే అక్షరాలుగా ఉన్నాయి.

తోరా చుట్టలో ఏ అక్షరం ఎప్పుడు సరిచేసినా ఫరవాలేదు. గుమ్మానికి బిగించే మెజూజాలో అలా కుదరదు. అది 22 వరుసలు, 713 అక్షరాల చిన్న చర్మం, షెమాతో మొదలవుతుంది. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా వరసగా రాయాలి. మూడో వరుసలో అక్షరం ఒకటి పోయిందని చివర్లో కనిపెడితే, ఇప్పుడు దాన్ని పెట్టడం వరస తప్పడమే అవుతుంది. దాని తర్వాతవన్నీ గీకి రాయాలి. వాటిలో నామం ఉంటే గీకనూ కూడదు కాబట్టి మెజూజా పోయినట్టే. ఎండకూ తేమకూ గుమ్మం దగ్గర సిరా చెదురుతుంది కనుక ఇంటి మెజూజాను 7 ఏళ్లలో రెండుసార్లు విప్పి చూపించుకోవాలి.

పూర్తయిన చుట్టను ఇప్పుడు కంప్యూటర్‌తో కూడా సరిచూస్తారు. స్కాన్ చేస్తే తప్పిపోయిన అక్షరం, రెండుసార్లు పడిన మాట ఇట్టే దొరుకుతాయి. గీకి చెక్కిన అక్షరాన్ని, సంకల్పం లేకుండా రాసిన నామాన్ని యంత్రం పట్టుకోలేదు, అందుకే లేఖకుడి నిజాయితీకి అంత విలువ. ఒకేలా కనిపించే రెండు అక్షరాల్లో ఇది వావా, యోదా అని అనుమానం వచ్చినప్పుడు, యూద పండితుల చర్చల గ్రంథమైన తాల్ముద్ చెప్పిన పరీక్ష ఇప్పటికీ చేస్తారు: మరీ తెలివైనవాడూ మరీ మందమతీ కాని చిన్నపిల్లవాడిని పిలిచి, చుట్టూ ఉన్నవి కప్పి, ఆ అక్షరం ఏమిటని అడుగుతారు. తెలివైనవాడు సందర్భం ఊహించి చెప్పేస్తాడు. ఆ పిల్లవాడికి కనిపించినదే తీర్పు.

ఈ చుట్టను సినగోగులో (యూదుల ప్రార్థనామందిరం) సోమవారం, గురువారం, శనివారం చదువుతారు. కనీసం పదిమంది వయసొచ్చినవాళ్లు లేకపోతే చుట్ట తీయరు. ఏడాదికి 54 భాగాలు. శనివారం ఒక భాగాన్ని ఏడుగురిని పిలిచి వంతులవారీగా చదివిస్తారు. చర్మాన్ని చేత్తో తాకకుండా చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో వరుస చూపిస్తారు. అచ్చులు లేని పాఠం కాబట్టి చదివేవాడు ఉచ్చారణ, రాగం ముందే నేర్చుకుని రావాలి. అర్థం మారేలా తప్పు పలికితే పక్కన నిలబడ్డవాళ్లు ఆపి మళ్లీ చదివిస్తారు. చదువు మధ్యలో చెల్లని అక్షరం కనిపిస్తే అక్కడికక్కడే ఆపి, ఇంకో చుట్ట తెచ్చి అదే చోటు నుంచి కొనసాగిస్తారు. దెబ్బతిన్న చుట్టకు లోపల కట్టే గుడ్డ పట్టీని, దాన్ని కప్పే వస్త్రం పైన గుర్తుగా కడతారు. సరిచేయని గ్రంథాన్ని 30 రోజులకు మించి ఉంచుకోకూడదని తాల్ముద్ మాట.

తాల్ముద్ అన్నాను కాబట్టి దాని దగ్గరికి. తప్పుల లెక్క (పట్టీకి మూడుంటే సరిచెయ్యి, నాలుగుంటే పాతిపెట్టు), పిల్లవాడి పరీక్ష, కిరీటాల ప్రస్తావన, ఇవన్నీ మెనాఖోత్ అనే భాగంలో 29వ ఆకు వెనక పుటలోనే ఉన్నాయి. అదే పుటలో ఒక కథ ఉంది. మోషే కొండెక్కేసరికి దేవుడు అక్షరాలకు కిరీటాలు కడుతూ కూర్చుని ఉంటాడు. ఇవెందుకని మోషే అడుగుతాడు. చాలా తరాల తర్వాత అకీవా అనే ఒకడు పుడతాడు, ఈ కొసల్లో ఒక్కోదాని మీద రాశులకొద్దీ ధర్మాలు తీస్తాడు అంటాడు దేవుడు. చూపించమంటే అకీవా బోధించే చోటికి పంపుతాడు. మోషే వెళ్లి ఎనిమిదో వరుసలో వెనక కూర్చుంటాడు. వాళ్లు మాట్లాడేది ఏమీ అర్థంకాక నీరసపడిపోతాడు. ఇంతలో ఒక శిష్యుడు లేచి, గురువుగారూ, ఇది మీకెక్కడ తెలిసిందని అకీవాను అడుగుతాడు. సీనాయి కొండ మీద మోషేకు ఇచ్చిన ధర్మం ఇది అంటాడు అకీవా. మోషే మనసు కుదుటపడుతుంది.

యూదుల ధర్మశాస్త్రదృష్టి అంతా ఈ కథలో ఉందంటే నేను ఒప్పుకుంటాను. సీనాయి దగ్గర వచ్చింది రాసిన తోరా ఒక్కటే కాదు, దానితోపాటు నోటి తోరా కూడా అన్నది రబ్బీల, అంటే యూద గురువుల, మూల విశ్వాసం. అది పెరుగుతుంది, తెచ్చినవాడికే కొత్తగా అనిపించేంత పెరుగుతుంది, అయినా అతనిదే. దాన్ని సుమారు క్రీ.శ. 200లో రబ్బీ యెహూదా హనాసీ మిష్నాగా కూర్చాడు: 6 విభాగాలు, 63 గ్రంథాలు. పొలం, పండుగలు, స్త్రీలు, నష్టపరిహారాలు, పవిత్ర వస్తువులు, శుద్ధి, ఇదీ క్రమం. మిష్నా మీద పాలస్తీనాలో జరిగిన చర్చ యెరూషలేము తాల్ముద్ అయింది, బబులోనులో జరిగిన చర్చ బబులోను తాల్ముద్ అయింది. రెండోది సుమారు 6వ శతాబ్దానికి రూపు దిద్దుకుంది, అధికారం దానికే ఎక్కువ. అందులో ఓడిపోయిన వాదన కూడా గెలిచినదాని పక్కనే, చెప్పినవాడి పేరుతో సహా భద్రంగా ఉంటుంది. 1520లలో వెనిస్‌లో డేనియల్ బోంబర్గ్ అచ్చువేసిన నాటి నుంచి పుట అమరిక ఒకటే: మధ్యలో తాల్ముద్, కట్టు వైపు ఫ్రాన్సులోని ట్రాయ్ పట్టణపు రాషీ (1040–1105) వ్యాఖ్య, బయటివైపు అతని తర్వాతి తరాల వ్యాఖ్యలైన తోసఫోత్. రోజుకో ఆకు చొప్పున ప్రపంచమంతా ఒకే ఆకు చదివే పద్ధతి 1923లో మొదలైంది. 2,711 ఆకులు పూర్తవడానికి ఏడున్నర ఏళ్లు.

నోటి తోరా ఏం చేస్తుందో ఒక ఉదాహరణ. "కంటికి కన్ను" అన్న వాక్యం చూపించి యూదుల ధర్మం పగ తీర్చుకునే ధర్మమని ఎంతమంది అనలేదు! మిష్నాలో బవా కమ్మా 8వ అధ్యాయం తెరిస్తే అక్కడ డబ్బు లెక్క ఉంటుంది. గాయపరచినవాడు ఐదు కట్టాలి: అవయవ నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పనికి వెళ్లలేని రోజుల కూలి, అవమానం. నష్టాన్ని ఎలా లెక్కకట్టాలో కూడా చెబుతుంది. బానిసల అంగట్లో ఆ మనిషికి గాయానికి ముందు ఎంత, తర్వాత ఎంత అని చూడమంటుంది, ఆ కాలపు కొలత అది. అలాగే "మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదు" అన్న మాట తోరాలో మూడు చోట్ల వస్తుంది. మూడుసార్లు ఎందుకన్న ప్రశ్నలోంచి మాంసం, పాలు కలిపి వండకూడదు, తినకూడదు, ఆ కలిపినదానివల్ల లాభం పొందకూడదు అని మూడు నియమాలు తేలాయి. యూదుల వంటింట్లో రెండు జతల గిన్నెలు అందుకే. శనివారం పని చేయకూడదని తోరా అంటుంది గానీ పని అంటే ఏమిటో విడమర్చదు. ఎడారిలో ప్రత్యక్ష గుడారం కట్టడానికి చేసిన పనులను బట్టి 39 రకాలు మిష్నా చెబుతుంది. రెండక్షరాలు రాయడం వాటిలో ఒకటి. కాబట్టి తోరా రాసే పని కూడా శనివారం ఆగుతుంది.

ఇక పుట్టుక. సంప్రదాయం ప్రకారం అబ్రాహాముతో దేవుడు చేసిన ఒడంబడిక, ఐగుప్తు నుంచి విడుదల, సీనాయి దగ్గర తోరా. తవ్వకాల్లో దొరికినవి ఇంకో వరసలో మాట్లాడతాయి. ఇశ్రాయేలు అన్న పేరు మొదట కనిపించేది ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనంలో, సుమారు క్రీ.పూ. 1208. దావీదు వంశం ప్రస్తావన తెల్ దాన్‌లో దొరికిన క్రీ.పూ. 9వ శతాబ్దపు రాతి మీద ఉంది. కుంటిల్లెత్ అజ్రూద్ అనే ఎడారి మజిలీలో దొరికిన జాడీల మీది రాతల్లో యెహోవా పక్కన అషేరా అనే దేవత పేరు ఉంది. ఒక్కడే దేవుడన్న మాట జనంలో స్థిరపడటానికి ప్రవక్తలు ఎంత పోరాడారో బైబిలే చెబుతుంది కాబట్టి ఈ రాతలు చూసి కంగారుపడక్కరలేదు. యెరూషలేములో కేతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో దొరికిన రెండు చిన్న వెండిరేకుల మీద సంఖ్యాకాండము 6లోని యాజకుల దీవెన ఉంది, క్రీ.పూ. 600 ప్రాంతానిది. మనకు దొరికిన బైబిలు మాటల్లో ఇవే అతి పాతవి.

క్రీ.పూ. 586లో నెబుకద్నెజరు మొదటి ఆలయాన్ని పడగొట్టి జనాన్ని బబులోనుకు తీసుకుపోయాడు. దేశం, రాజు, ఆలయం లేకుండా బతకడం అక్కడ నేర్చుకున్నారు. పారసీక రాజు కోరెషు విడిచిపెట్టాక తిరిగొచ్చి రెండో ఆలయం కట్టారు. ఎజ్రా చెక్క వేదిక మీద నిలబడి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తోరా చదివి వినిపించిన ఘట్టం నెహెమ్యా 8లో ఉంది. క్రీ.శ. 70లో రోము సేన రెండో ఆలయాన్నీ కాల్చింది. బలులు ఆగిపోయాయి. ఆ చోటులోకి ప్రార్థన, చదువు, మంచిపని వచ్చాయి. యోహనాన్ బెన్ జక్కాయి యవ్నే ఊళ్లో పండితులను కూడగట్టాడు. నిలిచిన యూదమతం అక్కడ రూపుకట్టింది. మృతసముద్రం దగ్గర 1947 నుంచి బయటపడిన చుట్టల్లో యెషయా గ్రంథం పూర్తిగా దొరికింది, పొడవు 7 మీటర్లకు పైనే. వర్ణక్రమంలో తేడాలు చాలా ఉన్నా, వెయ్యేళ్ల తర్వాతి ప్రతులతో పోల్చితే అదే గ్రంథమని ఎవరికైనా తెలుస్తుంది. ఇవాళ యెమెన్ యూదుల తోరా చుట్టలకూ మిగతావారి వాటికీ తేడా 9 అక్షరాల్లోనే, అర్థం మారేవి కావు.

నమ్మకాలను సూత్రాలుగా రాసిన ప్రసిద్ధుడు మైమొనిడీస్ (1138–1204). ఆయన 13 చెప్పాడు: దేవుడు సృష్టికర్త, ఒక్కడు, రూపం లేనివాడు, ఆద్యంతాలు లేనివాడు, ఆయనకే ప్రార్థన, ప్రవక్తల మాట నిజం, మోషే వాళ్లలో మొదటివాడు, తోరా దేవుడిచ్చినది, అది మారదు, దేవుడికి మన పనులు తెలుసు, ఫలమిస్తాడు, మెస్సీయ వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు. 15వ శతాబ్దంలో యోసెఫ్ అల్బో ఇన్ని అక్కరలేదు, మూలమైనవి మూడేనన్నాడు: దేవుడున్నాడు, తోరా ఆయనది, ఫలం ఉంది. అల్బోను ఎవరూ వెలివేయలేదు. ఏం నమ్ముతావన్నదాని కంటే ఏం చేస్తావన్నదాని మీద పట్టు ఎక్కువ; తోరాలో 613 ఆజ్ఞలు లెక్కకట్టారు, చేయవలసినవి 248, చేయకూడనివి 365. ఆలయం లేదు కనుక వాటిలో చాలా భాగం ఇప్పుడు ఆచరణలో లేవు. 613వదిగా చెప్పేది ప్రతివాడూ తోరా చుట్ట ఒకటి రాయాలన్నది. అందరికీ సాధ్యం కాదు కాబట్టి లేఖకుడు చివరి అక్షరాలకు అంచుగీతలు గీసి వదిలేస్తాడు, జనం వచ్చి ఒక్కో అక్షరం నింపించుకుంటారు. ఒక్క అక్షరం సరిచేసినా అంతా రాసినట్టేనని తాల్ముద్ అంటుంది.

మన పాఠకులకు తేడా బాగా కనిపించేవి మూడు నాలుగు. ఆదాము పాపం వంశపారంపర్యంగా వచ్చి పడుతుందని యూదులు అనుకోరు. మనిషిలో మంచి వైపు, చెడ్డ వైపు లాగే కోరికలు రెండూ ఉంటాయి, తిరిగి రావడం అతని చేతిలో ఉంది. యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) ఉపవాసం దేవుడి పట్ల చేసిన తప్పులనే కడుగుతుంది. సాటిమనిషికి చేసినదానికి ముందు ఆ మనిషిని వేడుకోవాలి, ఇది మిష్నా మాట. మెస్సీయ దావీదు వంశంలో పుట్టే మనిషి, దేవుడు కాడు. ప్రాణం కాపాడటానికి శనివారాన్ని మీరవచ్చు, మీరాలి కూడా. విగ్రహారాధన, నిషిద్ధ లైంగిక సంబంధం, హత్య, ఈ మూడింటిని మాత్రం ప్రాణం పోయినా చేయకూడదు. ఇతరులు యూదులుగా మారనక్కరలేదు. నోవహు సంతతికి చెప్పిన 7 ధర్మాలు పాటిస్తే వాళ్లు ధర్మపరులే.

యూదుడు ఎవరన్నదానికి సంప్రదాయం చెప్పే జవాబు: యూద తల్లికి పుట్టినవాడు, లేదా ముగ్గురు పెద్దల ఎదుట ఆజ్ఞలు ఒప్పుకుని శుద్ధి స్నానం చేసి, మగవాడైతే సున్నతి కూడా పొంది చేరినవాడు. ఈ ప్రశ్న మన ఊళ్లలోనూ ఉంది. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను పిలుచుకునే తెలుగు కుటుంబాలున్నాయి. మాదిగ సామాజిక వర్గానికి చెందిన వీళ్లు తాము ఎఫ్రాయిం గోత్రం వాళ్లమంటారు, శనివారం పాటిస్తారు, సొంత సినగోగు కట్టుకున్నారు. ఇశ్రాయేలు దేశం వీళ్లను ఇంకా గుర్తించలేదు. వంశం రుజువు మాట ఎలా ఉన్నా, కూలిపని చేసుకుంటూ హీబ్రూ ప్రార్థనలు నేర్చుకునే ఈ కుటుంబాల శ్రద్ధను తేలిగ్గా తీసుకోవడం నాకు నచ్చదు.

చెల్లని చుట్టలను కాల్చరు, పారేయరు. గెనీజా అనే కొట్లో దాచి తర్వాత పాతిపెడతారు. కైరోలోని బెన్ ఎజ్రా సినగోగులో అలా దాచినవి శతాబ్దాల పాటు పాతిపెట్టకుండా ఉండిపోయాయి. 1896–97లో పండితుడు సాలమన్ షెక్టర్ వాటిలో పెద్ద భాగాన్ని కేంబ్రిడ్జికి తరలించాడు. దేవుడి పేరు ఉండవచ్చునని వ్యాపారపు ఉత్తరాలు కూడా దాచడం వల్ల, 12వ శతాబ్దంలో మంగళూరులో ఇత్తడి కార్ఖానా నడిపిన అబ్రహాం బెన్ యిజూ ఉత్తరాలు మనకు దక్కాయి.

చదవాలనుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. తెలుగు పాత నిబంధన, యూదుల తనఖ్ ఒకే గ్రంథాలు; వాళ్ల లెక్కకు 24, ప్రొటెస్టెంట్ల లెక్కకు 39. సమూయేలు రెండు కలిపి ఒకటి, పన్నెండుమంది చిన్న ప్రవక్తలు కలిపి ఒకటి. వరస వేరు: తోరా, ప్రవక్తలు, రచనలు, చివరిది మలాకీ కాదు, దినవృత్తాంతములు. పది ఆజ్ఞల్లో మొదటిది వాళ్లకు "నిన్ను ఐగుప్తు నుంచి తెచ్చిన నీ దేవుడను నేనే" అన్న వాక్యం; లూథరన్ ప్రశ్నోత్తరాల్లో నేర్చుకున్న అంకెతో వెతికితే దొరకదు. యోవేలు తెలుగులో 3 అధ్యాయాలు, హీబ్రూలో 4. మలాకీ తెలుగులో 4, హీబ్రూలో 3. కీర్తనల్లో శీర్షికను కూడా వచనంగా లెక్కిస్తారు కాబట్టి అంకె ఒకటో రెండో ముందుకు జరుగుతుంది: "శుద్ధ హృదయం" అడిగే వాక్యం మన బైబిలులో 51:10, యూదుల ముద్రణలో 51:12.